డబ్బా మీద చీటీ

మా వంటింటి అటక మీద మావి కాని డబ్బాలు ఏడు ఉన్నాయి. రెండు స్టీలువి, వాటిలో ఒకదాని మూత మీద ఎవరిదో పేరు కొట్టించి ఉంది, నాలుగు ప్లాస్టిక్‌వి, ఒకటేమో పాత రేకు డబ్బా. మా డబ్బాలు కూడా ఈ అపార్ట్‌మెంట్‌లో ఇంకో పది ఇళ్లలో ఉండి ఉంటాయి. ఏది ఎవరింట్లో ఉందో నాకు ఇంచుమించు తెలుసు గానీ అడిగి తెచ్చుకోను, ఎందుకంటే అడిగితే వాళ్లు కంగారుపడి అప్పటికప్పుడు ఏదో ఒకటి చేసి అందులో పెట్టి ఇవ్వాలనుకుంటారు. మన ఇళ్లలో ఖాళీ డబ్బా వెనక్కి ఇవ్వరు కదా, ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరైనా పోసి ఇస్తారు.

ఏడేళ్ల క్రితం 28 లీటర్ల ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్, కొన్నప్పటి నుంచి కేకులు, బిస్కెట్లు చేసి పంచుతూనే ఉన్నాను. పుట్టినరోజులకు, గృహప్రవేశాలకు, పరీక్షలు అయిపోయిన పిల్లలకు, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా. ఈ మధ్య ఆఫీసులో ఇద్దరు, బంధువుల్లో ఒకరు అడిగారు, ఈసారి పండగలకు మేమూ ఇంట్లో చేసినవే ఇద్దామనుకుంటున్నాం, ఎలా మొదలుపెట్టాలి అని. వాళ్లకు ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పిన సంగతులే ఇక్కడ కూర్చుని రాస్తున్నాను. కొలతలు అక్కడక్కడా వస్తాయి గానీ నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది, అది మా అమ్మ దగ్గర మొదలవుతుంది.

1992, 93 ప్రాంతంలో మేం హనుమకొండలో ఉండేవాళ్లం. ఇంట్లో ఓవెన్ అనేది ఎవరికీ తెలియదు. ఎండాకాలం సెలవులు రాగానే అమ్మలందరూ బిస్కెట్లు చేయించడానికి బేకరీకి వెళ్లేవాళ్లు. ఆ తరం వాళ్లకు చెప్పక్కర్లేదు, తర్వాతి వాళ్ల కోసం చెప్తున్నా: పిండి, చక్కెర, డాల్డా మనమే పట్టుకెళ్లాలి, బేకరీ అతను వాటిని కలిపి, అచ్చు తిప్పి, పెద్ద పెద్ద రేకుల మీద పరిచి భట్టీలో కాల్చి ఇస్తాడు, కిలోకి ఇంత అని కూలి తీసుకుంటాడు. మా అమ్మ రెండు కిలోల గోధుమ పిండి, దానికి తగ్గ చక్కెర మర పట్టించి తీసుకెళ్లేది, యాలకుల పొడి ఇంట్లోనే దంచి కాగితంలో పొట్లం కట్టేది. ఖాళీ డబ్బా మోయడం నా పని. అక్కడ వరసగా సంచులు పెట్టి ఉండేవి, మన వంతు వచ్చేసరికి మధ్యాహ్నం అయిపోయేది.

బేకరీ అతను ఒక తెల్ల పొడి వేసేవాడు, అది డబ్బా మూత తీయగానే ముక్కు అదిరేది, కళ్లలో నీళ్లు వచ్చేవి. అమ్మోనియా అనేవాళ్లు. అంత ఘాటు వాసన ఉన్న పొడి వేస్తే బిస్కెట్లలో ఆ వాసన ఎందుకు రాదని చాలా రోజులు ఆలోచించేదాన్ని. అది అమ్మోనియం బైకార్బోనేట్. వేడికి మొత్తం ఆవిరీ వాయువులూ అయి బయటికి వెళ్లిపోతుంది, అలా వెళ్లేటప్పుడే బిస్కెట్‌ను పొంగించి కరకరలాడేలా చేస్తుంది. పల్చటి బిస్కెట్‌లోంచైతే పూర్తిగా పోతుంది గానీ మందపాటి కేకులో లోపలే ఉండిపోయి వాసన కొడుతుంది, అందుకే దాన్ని కేకుల్లో వాడరు. ఈ సంగతి నాకు పెద్దయ్యాక, సొంతంగా చేయడం మొదలుపెట్టాక తెలిసింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మిగతా ఆడవాళ్లు సంచి అక్కడ పెట్టి, చెప్పాల్సింది చెప్పి, సాయంత్రం వచ్చి తీసుకెళ్లేవాళ్లు. మా అమ్మ మాత్రం కదిలేది కాదు. ఆ భట్టీ వేడిలో, పిండి బస్తాల పక్కన ఒక స్టూలు మీద మూడు నాలుగు గంటలు కూర్చునేది. నాకు ఆకలి, చెమట, విసుగు. ఇంటికి పోదాం పదా అని కొంగు లాగితే "ఆగు బిడ్డా" అనేదే తప్ప లేచేది కాదు. పిండిలో ఏమేం పడుతున్నాయో, మన పిండిలో వేరేవాళ్ల పిండి కలుస్తోందా, ఏ గిన్నెలో కలుపుతున్నాడు, అన్నీ చూస్తూ ఉండేది.

వేడి వేడి డబ్బా ఒళ్లో పెట్టుకుని రిక్షాలో ఇంటికి వచ్చాక పంపకాలు. ఎడమ పక్క ఇంటికి ఒక పళ్లెం, కుడి పక్కకు ఒకటి, ఇంటి ఓనరు వాళ్లకు ఒకటి, పైన పేపరు ముక్క కప్పి నన్నే పంపేది. మర్నాడు పొద్దున్నే పరకాల బస్సెక్కి నాయనమ్మ దగ్గరికి. నాయనమ్మ నీచు ముట్టేది కాదు, గుడ్డు తగిలిన గిన్నెలో నీళ్లు కూడా తాగేది కాదు. డబ్బా మూత తీయగానే మొదట అడిగే మాట ఒకటే.

"దీంట్ల గుడ్డు గిట్ల కలిపిండ్రా?"

"లేదత్తమ్మా. నేనక్కడ్నే కూసున్న."

అంతే. ఇంకో ప్రశ్న ఉండేది కాదు. నాయనమ్మ ఒక బిస్కెట్ తీసుకుని చాయ్‌లో ముంచుకునేది. ఏటా అదే ప్రశ్న, అదే జవాబు. ఆ జవాబు చెప్పడం కోసమే అమ్మ అంతసేపు ఆ స్టూలు మీద కూర్చునేదని నాకు ముప్పై ఏళ్లు దాటాక, నా చేత్తో నేను ఒక తప్పు చేశాక గానీ అర్థం కాలేదు.

ఆ తప్పు దగ్గరికి వచ్చేముందు ఒక మాట. బేకరీ వస్తువు పట్టుకుని చుట్టం ఇంటికి వెళ్లడం హైదరాబాద్‌కు కొత్త కాదు. 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర మొదలైన కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్లు లేకుండా ఈ ఊరి నుంచి బయల్దేరే వాళ్లు తక్కువ, చివరి నిజాం పేరు పెట్టుకున్న ఉస్మానియా బిస్కెట్ సరే సరి. మొహర్రం నెల వస్తే మా కింది ఫ్లోర్‌లోని ముస్లిం కుటుంబం దమ్ కే రోట్ పంపిస్తారు, రవ్వ, నెయ్యి, చక్కెర, జీడిపప్పు, బాదం పడ్డ గుండ్రటి మందపాటి రొట్టె అది, ముక్క విరిస్తే చేతికి నెయ్యి అంటుతుంది. నాంపల్లి సుభాన్ బేకరీ ముందు ఆ రోజుల్లో దాని కోసం జనం ఎలా నిలబడతారో చూసినవాళ్లకు తెలుసు. మా అపార్ట్‌మెంట్‌లో ఆ రోట్, గుంటూరు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం వాళ్ల క్రిస్మస్ కేకు, ఆత్రేయపురం దగ్గరి వాళ్ల పూతరేకులు, మా సకినాలు, అన్నీ ఒకే మెట్ల మీద పైకీ కిందికీ తిరుగుతుంటాయి. నాకు ఈ బిల్డింగ్ అంటే ఇంత ఇష్టం ఉండటానికి సగం కారణం అదే.

ఇక ఆ రోజు. మా ఎదుటి ఫ్లాట్ అమ్మాయికి ఎనిమిదో నెల. రెండో కాన్పు అని వాళ్లమ్మగారు, నేను పిన్నిగారు అంటాను, రాజమండ్రి నుంచి వచ్చి ఉన్నారు. ఇంట్లో మగ్గిన అరటిపళ్లు ఉంటే నేను బనానా కేకు చేశాను, రెండు గుడ్లు వేసి. బాగా వచ్చింది, గోధుమ పిండి, దాల్చినచెక్క, పైన వాల్‌నట్ ముక్కలు. కడుపుతో ఉన్న అమ్మాయి కదా, తింటుందని నాలుగు ముక్కలు డబ్బాలో పెట్టి, తలుపు తీసిన పెద్దబాబు చేతికి ఇచ్చి వచ్చేశాను. వాడికి ఆరేళ్లు. నేను వాడికి ఏమీ చెప్పలేదు.

అది కార్తీక సోమవారం.

పిన్నిగారు పొద్దున్నుంచి ఉపవాసం ఉండి, సాయంత్రం దీపం పెట్టుకుని, నక్షత్రాలు చూసి భోజనం చేశారు. చివర్లో మనవడు "ఆంటీ ఇచ్చింది, అరటిపండు కేక్" అంటే, అరటిపండేగా అని ఒక ముక్క తిన్నారు. మర్నాడు మాటల్లో నేనే ఆ అమ్మాయితో అన్నాను, గుడ్లు వేస్తే మెత్తగా వచ్చింది కదా అని. ఆ అమ్మాయి ముఖం మారిపోవడం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. నేను వెంటనే లోపలికి వెళ్లి పిన్నిగారి దగ్గర నిలబడ్డాను. ఆవిడ ఒక్క మాట కూడా పరుషంగా అనలేదు. "నువ్వు ప్రేమగా ఇచ్చావు, నేను అడక్కుండా తిన్నాను, నీ తప్పేముందమ్మా" అన్నారు. ఆ పై సోమవారం ఆవిడ నీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం ఉన్నారని తర్వాత కూతురు చెప్పింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి.

నేను ఆ రాత్రి నిద్రపోలేదు. నాకు నమ్మకం ఉందా లేదా, గుడ్డు తింటే పాపమా కాదా, ఆ చర్చ నాకు అనవసరం అనిపించింది. ఆవిడ జీవితమంతా పట్టుకుని వచ్చిన ఒక నియమం నా డబ్బా వల్ల తప్పింది. హనుమకొండ భట్టీ పక్కన అమ్మ కూర్చున్న స్టూలు ఆ రాత్రి గుర్తొచ్చింది.

తర్వాత చాలా ఆలోచించాను, ఇన్నాళ్లూ మన వాళ్లు అరిసెలు, జంతికలు, లడ్డూలు పంచుకుంటూ వచ్చారు, ఎప్పుడూ ఈ ఇబ్బంది ఎందుకు రాలేదు అని. అరిసె చూడగానే అందులో ఏముందో పిల్లలకు కూడా తెలుసు. తడి బియ్యప్పిండి, బెల్లం, నువ్వులు, నెయ్యో నూనో. చెప్పాల్సిన పనే లేదు. కేకు అలా కాదు. గుడ్డు వేసిందీ వేయనిదీ పైకి ఒకేలా కనిపిస్తాయి, రమ్ పోసిందీ పోయనిదీ ఒకే రంగులో ఉంటాయి, బాదం పొడి పిండిలో కలిసిపోయి ఉంటుంది. తినేవాళ్లకు తెలిసే దారి మనం చెప్పడం ఒక్కటే. కాబట్టి బేక్ చేసి ఇచ్చేవాళ్ల మీద, మిగతా వంటలు ఇచ్చేవాళ్ల మీద లేని ఒక బాధ్యత ఉంది, లోపల ఏమేం వేశామో చెప్పకుండా డబ్బా గడప దాటకూడదు.

అప్పటి నుంచి ప్రతి డబ్బా మూత మీద ఒక చీటీ అంటిస్తున్నాను. తెలుగులో, చేత్తో, కాస్త పెద్ద అక్షరాలతో. ఏమేం వేశానో అన్నీ, గుడ్డు ఉందో లేదో మొదటి లైనులోనే, ఏ రోజు చేశానో, ఏ రోజు లోపల తినేయాలో. పిల్లల చేతికి ఇచ్చినా చీటీ వాళ్లతో పాటు లోపలికి వెళ్తుంది.

చీటీ కంటే ముందు అడగడం ఉంది. అడిగితే సర్‌ప్రైజ్ పోతుంది అంటారు కొందరు. పోనివ్వండి. నవంబర్, డిసెంబర్ నెలల్లో మా బిల్డింగ్‌లో కనీసం ముగ్గురు నలుగురు అయ్యప్ప మాలలో ఉంటారు, 41 రోజుల దీక్ష, బయటివాళ్ల చేతి వంట తినరు, అది ఎంత శుభ్రంగా చేసిందైనా సరే. అలాంటి ఇంటికి కేకు తీసుకెళ్లి వాళ్లను ఇరకాటంలో పెట్టే బదులు మాల తీశాక ఇస్తానని ముందే చెప్పేస్తాను, అలా చెప్తే వాళ్లకు ఎంత సంతోషమో. ముస్లిం స్నేహితులకు ఇచ్చే దాంట్లో రమ్ ఉండకూడదు సరే, "ఓవెన్‌లో ఆవిరైపోతుంది కదా" అనే మాట కూడా నిజం కాదు, కొంత మిగిలే ఉంటుంది. మార్ష్‌మాలోల్లో, చాలా రకాల జెల్లీల్లో ఉండే జెలటిన్ జంతువుల నుంచి తీసేది, శాకాహారులకు ఇచ్చేవాటి మీద రంగురంగులుగా ఉన్నాయని అవి చల్లకండి. పూర్తి శాకాహారుల కోసం నేను వేరే గిన్నె, వేరే బీటర్, వేరే కేకు టిన్ను పెట్టుకున్నాను. ఖర్చు ఐదారు వందలు అయింది, దానికి బదులుగా "గుడ్డు తగల్లేదు" అని ఏ తడబాటూ లేకుండా చెప్పగలుగుతున్నాను.

షుగర్ ఉన్నవాళ్ల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. "బెల్లంతో చేశానండీ, షుగర్ వాళ్లు కూడా తినొచ్చు" అని ఇస్తుంటారు చాలామంది, మంచి మనసుతోనే. బెల్లం కూడా రక్తంలో చక్కెరను పెంచుతుంది, తేనె కూడా, ఖర్జూరం కూడా. మనం ఆ మాట అన్నందుకు పెద్దాయన ధైర్యంగా నాలుగు ముక్కలు తింటే ఇబ్బంది ఆయనకే. మా రెండో అంతస్తు అంకుల్‌కి నేను వాము, మిరియాలు వేసిన ఉప్పు బిస్కెట్లు చేసిస్తాను, వాటిలోనూ పిండి ఉంటుంది కాబట్టి చాయ్‌తో రెండే తినండి అని చెప్పి మరీ ఇస్తాను. ఏడాది లోపు పసిపిల్లలున్న ఇంటికి తేనె వేసినవి ఇస్తే చీటీ మీద ఆ సంగతి తప్పనిసరిగా రాస్తాను, ఆ వయసు పిల్లలకు తేనె నాకించకూడదు, బొటులిజం అనే ప్రమాదం ఉంది. పల్లీలు, జీడిపప్పు, బాదం పడనివాళ్లు మన దగ్గరా ఉన్నారు, పిల్లల స్కూలుకు పంపేటప్పుడు నేను ఇవేవీ వాడను.

గుడ్డు లేకుండా కేకు రాదని భయపడేవాళ్ల కోసం నేను ఎక్కువగా చేసేది చెప్తాను. ఒక కప్పు పెరుగు, మరీ పుల్లటిది వద్దు, ముప్పావు కప్పు చక్కెర పొడి కలిపి, అందులో ఒకటింపావు టీస్పూను బేకింగ్ పౌడర్, అర టీస్పూను వంటసోడా వేసి ఐదు నిమిషాలు వదిలేస్తే పైన బుడగలు వస్తాయి. పెరుగులోని పులుపుతో సోడా కలిస్తే గ్యాస్ పుడుతుంది, కేకును లేపేది అదే, గుడ్డు చేసే పనిలో కొంత ఇది చేస్తుంది. తర్వాత అర కప్పు నూనె, వెనిలా, ఒకటిన్నర కప్పుల మైదా జల్లించి కలపాలి, పిండి పడ్డాక ఎక్కువసేపు తిప్పకూడదు, తిప్పితే సాగి గట్టిపడుతుంది. 180 డిగ్రీల దగ్గర 30 నుంచి 35 నిమిషాలు. పుల్ల గుచ్చి చూసి పొడిగా వస్తే తీసేయడమే. పంచడానికైతే పెద్ద టిన్నులో కాకుండా చిన్న చిన్న రొట్టె ఆకారం టిన్నుల్లో పోయండి, కోయకుండా ఇస్తే ఆరిపోకుండా ఉంటుంది, ఇంటికొకటి ఇవ్వొచ్చు.

దూరం పంపాలంటే కేకు జోలికి పోకండి, మన ఎండలకు రెండో రోజే బూజు వాసన మొదలవుతుంది, అరటిపండు వేసినదైతే ఇంకా తొందరగా. బిస్కెట్లే నయం. వాటిలోనూ నాన్‌ఖటాయి ఇంటి చుట్టుపక్కల ఇవ్వడానికే, నోట్లో వేసుకుంటే కరిగిపోయే వస్తువు ప్రయాణానికి తట్టుకోదు. పుణెలో ఉన్న తమ్ముడికి కొరియర్‌లో పంపితే వాడు చెంచాతో తిన్నానని చెప్పాడు. అప్పటి నుంచి వాడికి పాలతో కలిపి, పల్చగా ఒత్తి, ఫోర్కుతో పొడిచి కాల్చిన గోధుమ బిస్కెట్లే పంపుతున్నాను, గట్టిగా ఉంటాయి, రెండు మూడు వారాలు నిలవ ఉంటాయి. డబ్బాలో ఖాళీ ఉంటే అవి ఒకదానికొకటి కొట్టుకుని విరుగుతాయి, పైన బేకింగ్ పేపరు ఉండ చుట్టి కదలకుండా కుక్కాలి. మే నెలలో చాక్లెట్ పూసినవి పంపొద్దు.

వానాకాలం సంగతి వేరు. బిస్కెట్లు ఓవెన్ నుంచి తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి, ఆరాకే గట్టిపడతాయి, ఆ తొందరలో వేడిగా ఉండగానే డబ్బాలో పెడితే ఆవిరి పట్టి జావ అయిపోతాయి. గంటైనా జాలీ మీద ఆరాలి. గాలి తగిలి మెత్తబడితే 150 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు పెట్టి తీసి ఆరనిస్తే మళ్లీ కరకరలాడతాయి, ఈ మాట కూడా చీటీ వెనక రాసి ఇస్తాను, ఓవెన్ లేని ఇంటికైతే మందపాటి పెనం మీద సన్నటి సెగన అని. రిబ్బన్లు, సంచుల మీద డబ్బు పెట్టకండి. వెన్న 100 గ్రాములు 60 రూపాయల దాకా ఉంది, ఆ డబ్బేదో అందులో పెడితే రుచి తెలుస్తుంది.

"ఇంత బాగా చేస్తున్నావు, అమ్మొచ్చు కదా" అని ప్రతి ఒక్కరూ అంటారు. అమ్మేవాళ్లంటే నాకు చాలా గౌరవం. ఇంటి నుంచి అమ్మాలన్నా ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, ఆర్డరు రాగానే ఒంట్లో బాగున్నా లేకున్నా చేయాలి, అది పూర్తిస్థాయి పని. నాకు నా ఉద్యోగం ఉంది. అంతకంటే ముఖ్యంగా, అమ్మినప్పుడు వాళ్లు అడిగింది చేస్తాను, ఇచ్చినప్పుడు వాళ్ల గురించి ఆలోచించి చేస్తాను, నాకు ఆ ఆలోచించే సమయమే ఇష్టం. పిండి కలుపుతూ ఈ డబ్బా ఎవరికి, వాళ్లింట్లో ఎంతమంది, ముసలివాళ్ల పళ్లకు గట్టివి నమలగలరా, చంటిపిల్ల ఏడాది దాటిందా అని లెక్కలు వేసుకుంటుంటే ఆ గంటసేపు నేను వాళ్లతోనే ఉన్నట్టు ఉంటుంది.

పిన్నిగారి దగ్గరికి మళ్లీ వస్తాను. జనవరిలో ఎదుటి ఫ్లాట్‌లో పాప పుట్టింది. ఇరవై ఒకటో రోజు బారసాలకు ఏం తీసుకెళ్లాలా అని చాలాసేపు ఆలోచించాను. ఏమీ బేక్ చేయకుండా ఒక గౌను కొని ఇచ్చేయడం సులువు, కానీ అలా చేస్తే ఆ పాత సంగతి మా ఇద్దరి మధ్య అలాగే ఉండిపోతుందనిపించింది. కొత్త గిన్నె, కొత్త ట్రే. 150 గ్రాముల గోధుమ పిండి, 50 గ్రాముల శనగపిండి, 100 గ్రాముల చక్కెర పొడి, 100 గ్రాముల పేరుకున్న నెయ్యి, యాలకులు. నెయ్యి కరిగించి పోస్తే ట్రే మీద పరుచుకుపోతాయి, అందుకని గడ్డగా ఉన్నదే చక్కెరతో తెల్లబడే దాకా గిలక్కొట్టాను. 170 డిగ్రీల దగ్గర 16 నిమిషాలు. స్టీలు డబ్బాలో సర్ది, మూత మీద చీటీ అంటించి తీసుకెళ్లాను.

డబ్బా ఆవిడ చేతికే ఇచ్చాను. ఆవిడ కళ్లజోడు వెతుక్కుని పెట్టుకున్నారు. చీటీని కళ్లకు దగ్గరగా పెట్టుకుని మెల్లగా, బయటికే చదివారు. "గుడ్డు లేదు. గోధుమ పిండి, శనగపిండి, నెయ్యి, చక్కెర, యాలకులు. గిన్నెలు కొత్తవి." గిన్నెలు కొత్తవి అన్న దగ్గర ఆగి నా వైపు చూశారు. నేను ఏమీ అనలేకపోయాను. మూత తీసి ఒకటి నోట్లో వేసుకుని, ఇంకోటి చేతిలో పట్టుకుని, "శనగపిండి ఎందుకమ్మాయ్ ఇందులో?" అని అడిగారు. కమ్మగా ఉంటుందండీ, గుల్లగా కూడా వస్తుంది అన్నాను. అయితే మినపసున్నిలో వేయించిన పిండి ఎందుకు కమ్మగా ఉంటుందో ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు, అటు పేరంటాళ్లు పిలుస్తున్నా వినకుండా. రాజమండ్రి వెళ్లేముందు నా స్టీలు డబ్బా తిరిగొచ్చింది, నిండా సున్నుండలతో. మూత మీద చీటీ అంటించి ఉంది, పెన్సిల్‌తో, వణుకుతున్న అక్షరాలు: మినుములు, బెల్లం, మా ఆవు నెయ్యి.

ఆ చీటీని నేను తీయలేదు. ఆ డబ్బాలో ఇప్పుడు నా కేకు అచ్చులు పెట్టుకుంటున్నాను.

ఇది రాస్తుంటే నవంబర్ చివరి వారం. క్రిస్మస్ కేకు కోసం కిస్‌మిస్, నల్ల ద్రాక్ష, ఖర్జూరం, టూటీ ఫ్రూటీ, జీడిపప్పు అన్నీ కలిపి కిలోన్నర కొని ఉంచాను. ఈసారి రమ్ లేదు, నారింజ రసమే, అందరూ తినేలా. రమ్‌లో అయితే నెలల ముందే నానబెట్టొచ్చు గానీ రసంలో అయితే ఫ్రిజ్‌లో పెట్టినా కొద్ది రోజులే, అందుకని డిసెంబర్ 18న రసంలో కాసేపు ఉడికించి, చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, 21 ఆదివారం కాలుస్తాను. పన్నెండు చిన్న కేకులు. ఎనిమిది గుడ్డు లేనివి, నాలుగు ఉన్నవి. మాలలో ఉన్న ముగ్గురికి సంక్రాంతి తర్వాత. మూడో అంతస్తులోకి కొత్తగా ఎవరో వచ్చారు, నిన్న సామాను దించుతుంటే ఒక బామ్మగారు, ఇద్దరు పిల్లలు కనిపించారు. వాళ్లు గుడ్డు తింటారో లేదో తెలియదు. సాయంత్రం కిందికి వెళ్లి అడిగి రావాలి.